క్రిస్మస్ వేళ సంఘంలో చిన్న చిన్న సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిస్మస్ దగ్గరపడేసరికి ప్రతి సంఘంలోనూ ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి. ఎవరికి ఏం చేద్దాం, ఎప్పుడు మొదలుపెడదాం, పిల్లల్ని ఎలా కలుపుకుందాం, డబ్బు లేనివాళ్లు ఏం చేయగలరు? వేదిక వేసి చేసే పెద్ద కార్యక్రమాల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పూటలో చేయగలిగిన పనులు, నేరుగా ఒక మనిషికి చేరే పనుల గురించే ఈ జవాబులు.

చిన్న సేవ అంటే ఎంత చిన్నది?

ఎవరికి, ఏ పని, ఏ తేదీన: ఈ మూడూ ఒకే వాక్యంలో రాయగలిగినంత. "వృద్ధులకు సహాయం చేద్దాం" అనుకుంటే అది మంచి కోరిక, అంతవరకే. "రెండో వరుసలో కూర్చునే పెద్దావిడను 24వ తేదీ సాయంత్రం ఆరాధనకు తీసుకొచ్చి, అయ్యాక ఇంటి గుమ్మం దాకా దిగబెట్టాలి" అని రాసుకుంటే అది జరుగుతుంది. బట్టా తిండీ లేని సహోదరుడితో "సమాధానంగా వెళ్లు" అని మాట చెప్పి పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం అడుగుతుంది. పని పేరు, మనిషి పేరు కాగితం మీద పడనంతవరకు మన ప్రణాళికలన్నీ ఆ మాట దగ్గరే ఆగిపోతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

నవంబరు మొదటి వారంలో. అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల సిద్ధపాటు కాలం) మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్యనే వస్తుంది. ఆ రోజుకల్లా అవసరాల జాబితా చేతిలో ఉండాలి. రెండో ఆదివారానికి ఏ పని ఎవరిదో తేలిపోవాలి. మూడో ఆదివారానికి కొనాల్సినవి కొనడం అయిపోవాలి. ఇళ్లకు చేర్చడం డిసెంబరు 22లోపు ముగించండి. 23, 24 తేదీల్లో క్వాయర్ రిహార్సల్, అలంకరణ, పిల్లల నాటిక అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పటికి వాయిదా వేసిన సందర్శనలు చాలావరకు జరగవు.

ఆసుపత్రికి, వృద్ధాశ్రమానికి వెళ్లే అనుమతి మాత్రం నవంబరులోనే అడగాలి. డిసెంబరులో అక్కడికి రావాలనుకునే బృందాలు ఎన్నో ఉంటాయి, మంచి సమయాలు ముందే నిండిపోతాయి. జూలియన్ క్యాలెండర్ ప్రకారం జనవరి 7న పండుగ చేసుకునే సంఘాలు ఈ తేదీలన్నిటికీ 13 రోజులు కలుపుకోవాలి.

ఎవరికి ఏం కావాలో ఎలా తెలుస్తుంది?

అడిగితేనే తెలుస్తుంది, ఎలా అడిగామన్నదీ ముఖ్యమే. "మీకేమైనా కావాలా?" అంటే దాదాపు అందరూ "ఏం వద్దండీ, దేవుడు చూసుకుంటున్నాడు" అనే అంటారు. అది మర్యాద కోసం చెప్పే జవాబు. పనిని మీరే ముందుపెట్టి అడగండి: "శనివారం ఉదయం మేమిద్దరం వస్తాం. కర్టెన్లు దించి ఉతికి మళ్లీ తగిలించమంటారా, లేక మందుల దుకాణానికి వెళ్లి రమ్మంటారా?" రెండిట్లో ఒకటి ఎంచుకోవడం ఎవరికైనా సులభం. పైగా అడిగే భారం వాళ్ల మీద ఉండదు.

పాస్టర్ గారికి తెలియని అవసరాలు సండే స్కూల్ టీచర్లకు, ఆరాధనలో గుమ్మం దగ్గర నిలబడి పలకరించేవాళ్లకు తెలుస్తాయి. ఎవరు వరుసగా మూడు ఆదివారాలు రాలేదో వాళ్లు చెప్పగలరు. జాబితాలో ముందు చూడాల్సింది వీళ్లను: ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, కొత్తగా ఊరు మారి వచ్చినవాళ్లు, ఇంట్లో రోగిని చూసుకుంటూ బయటికి రాలేనివాళ్లు, పండుగ రోజున కూడా డ్యూటీ ఉన్నవాళ్లు. చివరి ఇద్దరినీ సంఘాలు చాలా తరచుగా మర్చిపోతాయి.

జాబితా ఎవరు చూసుకోవాలి?

ఒక్కరే చూసుకోవాలి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో రోజూ ఆహారం పంచేటప్పుడు కొందరు విధవరాండ్రు మరుగునపడ్డారు. ప్రేమకు లోటు లేని సంఘంలోనే అలా జరిగింది. దానికి వాళ్లు చేసిన పరిష్కారం ఏడుగురిని పేరుపేరునా ఎంచి ఆ పనికి నియమించడం. మన సంఘాల్లోనూ అందరూ కలిసి చూసుకునే జాబితాలో ఒక ఇంటికి మూడు పొట్లాలు వెళ్తాయి, పక్కింటికి ఒక్కటీ వెళ్లదు.

ఒక నోటుపుస్తకం చాలు. పేరు, కావలసింది, ఎవరు వెళ్తున్నారు, ఏ రోజు, అయిందా లేదా: ఐదు గడులు. ఒక జంట వాలంటీర్లకు నాలుగు ఇళ్లకు మించి ఇవ్వకండి. ఐదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోంచే సంచి అందించి వచ్చేస్తారు, కూర్చుని మాట్లాడే ఓపిక ఉండదు. అప్పుల వివరాలు, రోగం పేరు, కుటుంబ కలహాలు మాత్రం ఆ పుస్తకంలోకి ఎక్కకూడదు. ప్రార్థన కోసమైనా సరే, వాళ్లను అడగకుండా ఆ విషయాలు సంఘంలో చదవకూడదు.

డబ్బు లేకుండా ఏం చేయవచ్చు?

చాలా చేయవచ్చు. అందులో కొన్ని డబ్బు పెట్టి చేసేవాటి కంటే ఎక్కువ కాలం గుర్తుంటాయి. కళ్లు సరిగా కనిపించనివాళ్లకు వచ్చిన కార్డులు చదివి వినిపించి, వాళ్లు చెప్పిన జవాబు రాసి పెట్టడం. రోగిని చూసుకునే ఇల్లాలికి రెండు గంటలు విశ్రాంతి ఇచ్చి రోగి పక్కన కూర్చోవడం. చంటిబిడ్డ ఉన్న తల్లి ఆరాధనంతా ప్రశాంతంగా కూర్చునేలా బిడ్డను వెనుక గదిలో ఎత్తుకోవడం. నిచ్చెన ఎక్కలేనివాళ్ల ఇంట్లో బల్బు మార్చడం, నక్షత్రం కట్టడం; జనవరిలో మళ్లీ వెళ్లి దాన్ని దించడం కూడా ఆ పనిలో భాగమే. ఆరాధన లైవ్ ప్రసారం చూడటం ఇంట్లో ఉండిపోయినవాళ్లకు నేర్పితే అది ఒకసారి నేర్చుకున్నా ఏడాదంతా పనికొస్తుంది. చేతికి ఫోన్ ఇచ్చి, మీరు చూస్తుండగా వాళ్లనే మూడుసార్లు తెరవమనండి. మీరు తెరిచి చూపిస్తే ఆదివారానికి మర్చిపోతారు.

సరుకుల సంచిలో ఎంతెంత వేయాలి?

పండుగ తీపి వస్తువులతో నింపేసి, పూట గడిచే సరుకులు వేయకపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం లేదా పిండి, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 5 గ్రాముల ఉప్పు అన్న లెక్క నమ్మదగినది. దీనితో సుమారు 1,800 కేలరీలు అందుతాయి. మిగిలింది కూరగాయలు, పాలు, చక్కెర పూరిస్తాయి. నలుగురున్న ఇంటికి వారం రోజులంటే 11.2 కిలోల ధాన్యం, 1.7 కిలోల పప్పు, 700 గ్రాముల నూనె, 140 గ్రాముల ఉప్పు. అంతా కలిపితే 13 కిలోలు దాటుతుంది. దాన్ని ఒకే సంచిలో వేస్తే వయసు పైబడినవాళ్లు లేపలేరు. రెండు సంచులు చేసి, వంటగదిలో వాళ్లు చూపించిన చోట పెట్టి రండి.

గడువు తేదీకి కనీసం మూడు నెలలుండాలి. సబ్బు, దువ్వెన, టూత్‌పేస్ట్, స్త్రీలకు శానిటరీ ప్యాడ్లు సంచిలో ఉంటే ఇంటివాళ్లు ఎంతో ఊరటపడతారు. అడగడానికి మొహమాటపడే వస్తువులవి. నూనె సీసాను విడి కవరులో బిగించండి. మూత వదులైతే పిండి మొత్తం పాడవుతుంది. ఏడాది నిండని పాప ఉన్న ఇంటికి తేనె పంపుతుంటే, పాపకు పెట్టవద్దని చెప్పండి. తేనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు, పసివాళ్ల కడుపు వాటిని తట్టుకోలేదు.

వండిన భోజనం తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, కానీ ఈ సేవలన్నిటిలో జాగ్రత్త ఎక్కువ కావలసింది దీనికే. 5 డిగ్రీలకూ 60 డిగ్రీల సెల్సియస్‌కూ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వేడిగా వడ్డించేది 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లగా ఉంచేది 5 డిగ్రీలకు కింద ఉండాలి. ఈ రెండిటికీ మధ్య మొత్తం రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీల కంటే వేడిగా ఉంటే ఒక్క గంటే.

ఎక్కడ తేడా వస్తుందంటే, ఉదయం వండి పెద్ద గిన్నెలో మూతపెట్టి సాయంత్రం పంచడంలో. లోతైన గిన్నె మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ముఖ్యంగా అన్నం: బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు, గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. నిల్వ ఉంచాల్సి వస్తే ఐదు సెంటీమీటర్ల లోతు మించని పళ్లేల్లో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. తిరిగి వేడిచేసేటప్పుడు మధ్యలో కూడా 74 డిగ్రీలకు చేరాలి. అంచనాతో పాటించే వంద నియమాల కంటే ఒక వంటింటి థర్మామీటర్ మేలు. సంఘానికి ఒకటి కొని పెట్టుకోండి.

ప్రతి డబ్బా మీద వంటకం పేరు, వండిన సమయం, పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పు లాంటివి ఉంటే ఆ సంగతి రాయండి. డబ్బా తిరిగి ఇవ్వనవసరం లేదని కూడా చెప్పండి. ఖాళీ డబ్బా తిరిగివ్వడం కొందరికి పెద్ద చింత.

ఇళ్లకు క్యారల్స్ పాడటానికి వెళ్తే ఏం చూసుకోవాలి?

రోగి ఉన్న ఇంటికి ఆరుగురు చాలు, పదిమంది దాటితే ఆ గదిలో గాలే ఉండదు. రెండు పాటలు, ఒక చిన్న ప్రార్థన, మొత్తం పది నిమిషాలు. ముందురోజు ఫోన్ చేసి ఏ సమయం వీలో అడగండి. తలుపు తీసేవాళ్లు కొత్త బట్టలు వేసుకుని సిద్ధంగా ఉండాలనుకుంటారు. చెప్పకుండా వెళ్తే పాడినంతసేపూ ఇబ్బందిపడతారు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు బృందంలో ఉండకూడదు, ఎంత మంచి గొంతైనా సరే. లోపలికి వెళ్లే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి.

పాట మధ్యలో గొంతులు విరిగిపోవడానికి అసలు కారణం శ్రుతి ఎక్కువ ఎత్తులో అందుకోవడం. బయటే నిలబడి, పాటలో అన్నిటికంటే ఎత్తైన చరణం లోగొంతుకతో పాడి చూసుకోండి. అది అందరికీ సులభంగా అందితే, అదే శ్రుతిలో మొదలుపెట్టండి. పాట కాగితాలు పెద్ద అక్షరాల్లో, 18 పాయింట్లకు తగ్గకుండా ముద్రించి, ఇంట్లోవాళ్లకూ తలా ఒకటి ఇవ్వండి. మంచం మీద ఉన్న పెద్దాయన మనతో గొంతు కలిపినప్పుడే ఆ ఇంటికి పండుగ వచ్చినట్టు.

ఆసుపత్రిలో నర్సును అడగకుండా రోగికి ఏమీ తినిపించవద్దు. శస్త్రచికిత్సకు ముందు ఖాళీ కడుపుతో ఉండాల్సినవాళ్లు ఉంటారు. ఐసీయూల్లో పూలకు సాధారణంగా అనుమతి ఉండదు. వార్డులో పాడేటప్పుడు గొంతు సగానికి తగ్గించండి, చప్పట్లు వద్దు. నర్సులను, శుభ్రం చేసే సిబ్బందిని కూడా పలకరించి ఒక కార్డు ఇవ్వండి. పండుగ పూట ఇంటికి దూరంగా ఉన్నది వాళ్లే.

దుఃఖంలో ఉన్న ఇంటికి "హ్యాపీ క్రిస్మస్" అని చెప్పవచ్చా?

ఆ మాటతో మొదలుపెట్టకండి. మనిషి పోయాక వచ్చే మొదటి క్రిస్మస్ మిగతావాటికంటే బరువుగా ఉంటుంది. కార్డులో పోయినవారి పేరు రాయండి. పేరెత్తితే బాధ గుర్తుకొస్తుందని చాలామంది భయపడతారు. వాళ్లకు అది గుర్తులేని క్షణమంటూ లేదు, ఎవరూ పేరెత్తకపోవడమే వాళ్లను ఒంటరిని చేస్తుంది. ఆయన గురించి మీకు నిజంగా తెలిసిన ఒక చిన్న సంగతి, రెండు వాక్యాలు చాలు: "ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి కిటికీలు తెరిచేవారు. ఈ పండుగకు ఆయన్ని, మిమ్మల్ని తలచుకుంటున్నాం." అంతా దేవుని చిత్తమని, ఏడవవద్దని రాయకండి. ఆరాధనలో వాళ్ల పక్కన ఎవరైనా ఒకరు కూర్చునేలా ముందే చూడండి. వాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోవాలనుకుంటే సులువుగా ఉండేలా వరుస చివర సీటు ఉంచండి.

ఆరాధన మందిరంలోనే చేయగల సేవలేమిటి?

క్రిస్మస్ ఆరాధనకు మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కువ. కాబట్టి గుమ్మం దగ్గర ఇద్దరు, బండ్లు నిలిపే చోట ఇద్దరు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో గంటకోసారి చూసేవాళ్లు ఒకరు తప్పక ఉండాలి. చివరి పని ఎవరూ అడిగి తీసుకోరు. అది చేసేవాళ్ల మీద ఆ రోజు ఆతిథ్యం సగం ఆధారపడి ఉంటుంది.

మెట్టు ఉన్న చోట చక్రాల కుర్చీకి ర్యాంపు వేస్తే, ఎత్తుకు 12 రెట్లు పొడవు ఉండాలి. 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల పలక. దానికంటే పొట్టిగా వేస్తే కుర్చీ వెనక్కి ఒరిగే ప్రమాదం ఉంది. కుర్చీ నిలిపే స్థలం అందరితోపాటు వరుసల మధ్యే ఉండాలి, వెనుక గోడ దగ్గర కాదు.

కొవ్వొత్తుల ఆరాధనలో ప్రమాదాలు రాకుండా ఎలా?

వెలుగుతున్న కొవ్వొత్తిని నిటారుగానే పట్టుకోవాలి. వెలగనిదాన్నే వంచి అంటించుకోవాలి. అందరూ తిరగేసి చేస్తారు కాబట్టి కరిగిన మైనం చేతుల మీద, పక్కవాళ్ల బట్టల మీద పడుతుంది. అంటించే ముందే వేదిక మీద నుంచి ఒకసారి చేసి చూపించండి. ప్రతి కొవ్వొత్తికీ మైనం కారకుండా అట్ట బిళ్ల తొడగండి. చిన్నపిల్లలకు బ్యాటరీ దీపాలు ఇవ్వండి. తెరలకు, ఎండిన కొమ్మల అలంకరణకు, కాగితపు తోరణాలకు దగ్గరగా ఉన్న వరుసల్లో కూడా అంతే. నడవాల్లో అదనపు కుర్చీలు వేయవద్దు, తలుపులు తాళం వేసి ఉంచవద్దు. రెండు వైపులా నీళ్ల బకెట్, మంటలార్పే సిలిండర్, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి.

ఆరాధన అయ్యాక ఆర్పిన కొవ్వొత్తుల్ని కాగితాలున్న చెత్తబుట్టలో వేయడం వల్లే అందరూ వెళ్లిపోయాక నిప్పు రాజుకుంటుంది. ఇసుక పోసిన ఇనుప బకెట్ తలుపు దగ్గర పెట్టి అందులోనే వేయమనండి. చివర వెళ్లేవాళ్లు అరగంట ఆగి చూసి తాళం వేయాలి.

పిల్లలకు ఏ పనులివ్వాలి?

నిజంగా అవసరమైనవి. ఐదారేళ్లవాళ్లు కార్డుకు బొమ్మ వేయగలరు, పాట కాగితాలు పంచగలరు. పదేళ్లు దాటినవాళ్లు సరుకులు జాబితాతో సరిచూసి టిక్కు పెట్టగలరు, ఈ పనిలో వాళ్లు పెద్దవాళ్లకంటే నిక్కచ్చిగా ఉంటారు. ఎక్కడికి వెళ్లినా పిల్లలతో ఇద్దరు పెద్దవాళ్లుండాలి, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఒక్క పెద్దమనిషితో ఒక్క పిల్లను ఎవరి ఇంటికీ, ఏ వాహనంలోనూ పంపకండి. ఆ మనిషి ఎంత నమ్మకస్తులైనా ఈ నియమం మారదు.

ఫోటోలు తీయవచ్చా?

సంచి అందుకుంటున్నవాళ్ల ఫోటో తీయకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి ఆరో అధ్యాయం మాట ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. దాతలకు లెక్క చూపాలంటే సంచులు కట్టి పెట్టిన బల్ల ఫోటో, రశీదులు సరిపోతాయి.

సంఘంలో లేనివాళ్లకు, వేరే మతంవాళ్లకు చేస్తే?

చేయండి, ఏ షరతూ లేకుండా. సంచిలో ఆరాధన సమయాల కాగితం పెట్టి, వస్తేనే మళ్లీ సహాయమన్న అర్థం వచ్చేలా మాట్లాడితే ఆ సేవ బేరం అయిపోతుంది. ఆహారం విషయంలో వాళ్లు తినేవి, తిననివి ముందే అడగండి. ప్రార్థన చేయవచ్చా అని ఒక్కసారి అడగవచ్చు. వద్దంటే అదే నవ్వుముఖంతో కూర్చుని మాట్లాడి రండి.

కానుకల డబ్బు ఎలా చూసుకోవాలి?

బంధుత్వం లేని ఇద్దరు కలిసి, మందిరంలోనే లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి. ఈ సేవకోసం వచ్చిన డబ్బు ఈ సేవకే వాడాలి. మిగిలితే ఏం చేస్తామో ముందే చెప్పాలి.

పాత బట్టలు తీసుకోవచ్చా?

ఉతికినవి, గుండీలు జిప్పులు సరిగా ఉన్నవి, కొలత చీటీ అతికించినవి మాత్రమే. మన ఇంట్లో పిల్లలకు తొడగలేనిది మరొకరి పిల్లలకూ ఇవ్వకూడదు.

సేవ చేసేవాళ్లు అలసిపోతే?

డిసెంబరులో పాస్టర్ గారి కుటుంబం, క్వాయర్, మందిరం ఊడ్చేవాళ్లు, సౌండ్ చూసేవాళ్లు తమ ఇంటి పండుగను దాదాపు వదులుకుంటారు. వీళ్ల పేర్లూ జాబితాలో రాయండి. పాస్టర్ గారి ఇంటికి 24 రాత్రి భోజనం పంపండి, 26న ఎవరూ ఫోన్ చేయకుండా చూడండి. మిగతావాళ్లు తలా రెండు పనులకు మించి ఒప్పుకోవద్దు.

పండుగ అయిపోయాక?

పాశ్చాత్య సంఘాల క్యాలెండర్‌లో డిసెంబరు 26 స్తెఫను దినం. ఆహారం పంచడానికి ఎంచిన ఆ ఏడుగురిలో మొదటి పేరు ఆయనదే. క్రీస్తు జన్మదినం మర్నాడే ఆయన్ని తలచుకునే ఈ ఆచారం సంఘానికి మంచి గుర్తు. ఆ వారంలో ఇళ్లు బోసిపోతాయి, బంధువులు వెళ్లిపోతారు, ఒంటరితనం 25 కంటే 27న ఎక్కువ తెలుస్తుంది. అందుకే ప్రతి ఇంటికీ రెండో సందర్శన జనవరి 6లోపు పెట్టుకోండి. ఈసారి చేతిలో ఏమీ ఉండనక్కర్లేదు. "పోయినసారి ఇచ్చినవాటిలో ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు?" అని అడిగి, జవాబు పుస్తకంలో ఆ పేరు పక్కనే రాయండి.

మిగిలిన సరుకులు, కొవ్వొత్తులు ఏం చేయాలి?

మూడు నెలల్లో గడువు ముగిసే సరుకులను జనవరి మొదటి వారంలోనే అవసరమున్న ఇంటికి చేర్చండి. కొవ్వొత్తులను వేడి తగలని చోట పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే వంగిపోతాయి. అట్ట బిళ్లలు తీసి విడిగా కట్టండి. పెట్టె మీద ఎన్ని ఉన్నాయో రాసి, అదే సంఖ్య పుస్తకం చివరి పేజీలో కూడా రాయండి.